కుందేలు కింద ఏం పరుస్తున్నాం?

పోయిన వానాకాలంలో ఒక తల్లి ఏడేళ్ళ బాబును భుజాన వేసుకుని రాత్రి పదకొండు గంటలకు మా వార్డుకు వచ్చింది. బాబు రొమ్ములో పిల్లికూతలు, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు. డాక్టరు గారు చూసి నెబ్యులైజర్ పెట్టించారు. గంటలో కుదుటపడ్డాడు.

"సిస్టరమ్మా, ఇంట్ల కుందేళ్ళు తెచ్చిన కాడి నుంచి గిట్లనే అయితుంది. మా అత్తమ్మ వాటిని ఎవరికన్న ఇచ్చెయ్యమంటుంది" అన్నదా తల్లి. ఆ మాట వినగానే బాబు మాస్కులోనే ఏడుపు మొదలుపెట్టాడు.

వాటి కింద ఏం వేశారమ్మా అని అడిగాము. కోత మిషన్ దగ్గర నుండి తెచ్చిన సంచెడు రంపపు పొట్టు. మార్చి పది రోజులు దాటింది. బోను ఎక్కడ అంటే, పిల్లవాడి మంచం కిందే.

ఇలాంటి చోట పెద్దలు వెంటనే జంతువును బయటికి పంపమంటారు. మా అభిప్రాయం వేరు. ముందు దాని పడక మార్చండి, బోను చోటు మార్చండి, ఆ తరువాత కుందేలు సంగతి చూద్దాం. కుందేలు బొచ్చే పడని పిల్లలు కొందరు ఉంటారు, వారి విషయంలో డాక్టరు చెప్పినట్లే చేయాలి. కానీ మేము చూసినంతలో దుమ్ము చేసిన తప్పుకు శిక్ష కుందేలుకే పడుతున్నది.

రంపపు పొట్టు చూడడానికి మెత్తగా, శుభ్రంగా కనబడుతుంది. ఉచితంగా కూడా దొరుకుతుంది. కానీ కుందేలు ఒక్కసారి గెంతిందంటే ఆ సన్నటి పొడి గాలిలోకి లేస్తుంది. చెక్కపొడి ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికులకు ముక్కు లోపల క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే తేల్చింది. బోనులోని గుప్పెడు పొట్టుతో అంత ప్రమాదం అనడం లేదు. ఆయాసం ఉన్న పిల్లవాడికి మాత్రం ఆ గుప్పెడే చాలు. టేకు పొడి కొందరి చర్మానికి పడదు, దురద లేస్తుంది. ప్లైవుడ్ పొడి అసలే వద్దు, అందులో జిగురు మందు ఉంటుంది. దేవదారు వంటి వాసన చెక్కల పొట్టు మీద పెంచిన ఎలుకల కాలేయం పనితీరు మారుతుందని 1967లోనే శాస్త్రజ్ఞులు గమనించారు. కాబట్టి దుకాణంలో 'సువాసన గల' పొట్టు ప్యాకెట్ కనబడినా మోసపోవద్దు.

ఇక తడి సంగతి. మూత్రం పడి నానిన పడకలో నుండి అమ్మోనియా లేస్తుంది, కళ్ళు మండే ఆ ఘాటు వాసన అదే. నిలబడిన మనిషి ముక్కు నేలకు అయిదడుగుల ఎత్తులో ఉంటుంది, కుందేలు ముక్కు పడకకు ఆనుకునే ఉంటుంది. మనకు వాసన తెలిసే సరికి అది ఎన్ని గంటల నుండి పీలుస్తున్నదో ఆలోచించండి. ముక్కు కారడం, తుమ్ములు, అరికాళ్ళ పుండ్లు ఇలాగే మొదలవుతాయి. కుక్కకు, పిల్లికి ఉన్నట్లు కుందేలు అరికాలికి మెత్తని దిండ్లు ఉండవు, వెంట్రుకలే ఉంటాయి. అందుకే వట్టి ఇనుప జాలీ మీద ఉంచడం కూడా తప్పే.

మరి ఏం పరచాలి? మనకు కొదువ లేనిది వరిగడ్డి. 2020లో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ నిండిన తరువాత మన మండలంలో వరి ఎంత పెరిగిందో మీకు మేము చెప్పనక్కరలేదు. కింద రెండు మూడు వరుసల మామూలు న్యూస్ పేపర్ (నున్నటి రంగుల కాగితం వద్దు), దాని మీద నాలుగు వేళ్ళ మందాన ఎండు గడ్డి వేస్తే చాలు. గడ్డి తడిని ఎక్కువగా పీల్చదు, ఆ పని కాగితం చేస్తుంది. కుందేలు కొంత గడ్డి నములుతుంది, ఫరవాలేదు. కోతకు ముందు మందు కొట్టిన మడిలోని గడ్డి మాత్రం తేవద్దు.

గడ్డి అన్నాం కదా అని వానకు తడిసిన వాములో నుండి లాగకండి. ముక్కిన వాసన, తెల్లటి బూజు, విదిలిస్తే పొగలా దుమ్ము ఉంటే అది పనికిరాదు. బూజు గడ్డి దుమ్ము పీల్చి రైతులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఒకటి ఉంది. జ్వరం, పొడి దగ్గు, ఆయాసంతో వస్తారు, న్యుమోనియా అనుకుంటారు. వాము విప్పిన రోజు సాయంత్రమే ఇలా మొదలైతే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి.

ఊక గురించి అడిగేవారు చాలామంది. మన దేశంలో ప్రయోగశాలల ఎలుకలకు ఊకే ఎక్కువగా వాడతారు. అయితే దానిని ఆవిరి మీద శుద్ధి చేసి వేస్తారు. రైస్ మిల్లు నుండి నేరుగా తెచ్చిన ఊకలో దుమ్ము ఉంటుంది, మొనలు కళ్ళలో గుచ్చుకుంటాయి. తెల్ల ఎలుకలకు, గినీ పిగ్‌లకు వేయాలనుకుంటే ఇంటికి దూరంగా, గాలివాటు చూసుకుని చేటతో చెరిగి, రెండు రోజులు ఎండబెట్టి వేయండి. చెరిగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆయాసం ఉన్నవారితో ఆ పని చేయించవద్దు.

పిల్లలు మా దగ్గరకు వచ్చి దూది అడిగి తీసుకుపోతుంటారు, హ్యామ్‌స్టర్‌కు గూడు కడతామని. ఇకమీదట ఇవ్వకూడదని సిస్టర్లకు చెప్పాము. దూది పోగులు చిన్న కాళ్ళకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుకు అడ్డం పడుతుంది. పాత చీర పీలికలదీ ఇదే కథ. తెల్ల టిష్యూ కాగితం చింపి వేయండి.

బోనులో కలరా ఉండలు వేసే అలవాటు మాకు అన్నిటికంటే భయం పుట్టిస్తుంది. ఆ ఆవిరి మూసిన పెట్టెలో చిన్న జంతువుకు విషం. జి6పిడి లోపం ఉన్న పసిబిడ్డ అదే గదిలో ఉంటే రక్తకణాలు పగిలి కామెర్లు కూడా రావచ్చు. వాసన వస్తే పడక మార్చాలి గాని ఉండలు వేయకూడదు.

తడిసిన చోట రోజూ తీసేయండి, వారానికి ఒకసారి మొత్తం మార్చండి. పొడిగా ఊడ్చవద్దు, కాస్త నీళ్ళు చల్లి తీయండి. తీసినది ఎరువు గుంతలో వేస్తే మల్లెచెట్టుకు మంచి ఎరువు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గర్భిణులు ఎలుకల, హ్యామ్‌స్టర్ల బోను శుభ్రం చేయకుండా ఇంట్లో వేరే వారు చేయాలి, వాటి ద్వారా సోకే ఒక వైరస్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. జంతువుకు గుండ్రంగా బొచ్చు రాలి, పిల్లలకు తామర కనబడితే ఇద్దరికీ వైద్యం కావాలి. ఇంకొక మాట: కాగితం మీద ఎర్రటి మూత్రం కనబడితే అది ప్రతిసారీ రక్తం కాదు, తిన్న ఆకుల రంగు కూడా అలా దిగుతుంది. రెండు రోజులైనా తగ్గకపోతే పశువుల డాక్టరుకు చూపించండి.

ఆ బాబు ఇంట్లో బోను ఇప్పుడు వసారాలో ఉంది, కింద గడ్డి, కాగితం. పడక మార్చే పని నాయనమ్మ తీసుకున్నారు. చలికాలంలో బాబుకు రెండుసార్లు దగ్గు వచ్చింది, వార్డులో చేర్చవలసిన అవసరం రాలేదు. తగ్గింది కదా అని వాళ్ళు ఇన్‌హేలర్ ఆపేశారని తెలిసి పిలిపించి, డాక్టరు గారు చెప్పే వరకు ఆపవద్దని చెప్పి పంపాము.