పిత్తాశయంలో రాళ్లు: ఆపరేషను దాకా ఎలా ఉండాలి?

నా వయసు 44 సంవత్సరాలు. ముగ్గురు పిల్లలు. స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. కొంచెం లావుగా ఉంటాను. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఆరు నెలల కిందట పెళ్లిభోజనం చేసి వచ్చిన రాత్రి కడుపు పైభాగంలో, కుడిపక్కగా విపరీతమైన నొప్పి వచ్చింది. నిలబడలేక, పడుకోలేక మెలికలు తిరిగిపోయాను. గ్యాసు అనుకుని సోడా తాగాను. తగ్గలేదు. రెండు మూడు గంటల తర్వాత దానంతటదే పోయింది. ఆ తర్వాత మరి మూడుసార్లు అలాగే వచ్చింది. స్కానింగు తీసి పిత్తాశయంలో మూడు రాళ్లున్నాయన్నారు. ఆపరేషను చేయించుకుంటే మంచిదని, రెండు నెలల తర్వాత తేదీ ఇస్తామని చెప్పారు. ఈలోగా ఏం తినాలో, నొప్పి వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. భయంతో పూటపూటా అన్నం మానేసి మజ్జిగతో గడుపుతున్నాను. కొండపిండి ఆకు తింటే రాళ్లు కరిగి పడిపోతాయని మా అత్తగారు, పిత్తాశయం తీసేస్తే జన్మలో అన్నం అరగదని మా ఆడపడుచు అంటున్నారు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. అందాకా ఆగవచ్చా?
— ఒక సోదరి, తణుకు

జవాబు: ముందుగా ఒక్కమాట. మీరు అన్నం మానేయడం ఈరోజే ఆపేయండి. షుగరు మాత్రలు మింగుతూ మజ్జిగతో గడపడం ప్రమాదం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. పైగా పస్తులుండటం వల్ల పిత్తాశయానికి మేలు కాదు, కీడే. ఎందువల్లనో తెలియాలంటే అసలు లోపల జరుగుతున్నదేమిటో తెలుసుకోవాలి.

నొప్పి ఎందుకు వస్తుంది?

మన కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. నెయ్యి, నూనె వంటి కొవ్వు పదార్థాలు అరగడానికి ఈ రసం కావాలి. కాలేయం కింద, కుడిపక్క డొక్క ఎముకల చాటున చిన్న వంకాయంత సంచి ఒకటి ఉంటుంది. అదే పిత్తాశయం. దానిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు మాత్రమే. పైత్యరసంలో నీటిని పీల్చి, చిక్కబరచి దాచిపెట్టడం దాని పని. మనం కొవ్వు ఉన్న భోజనం చేయగానే చిన్నప్రేవు నుంచి ఒక హార్మోను రక్తంలోకి వస్తుంది. దాని ప్రభావంతో పిత్తాశయం ముడుచుకుని రసాన్ని ప్రేవులోకి పిండుతుంది.

దాచిన రసంలో కొలెస్టరాలు ఎక్కువైనా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా అడుగున మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డే క్రమంగా రాయి అవుతుంది. పస్తులుంటే సంచి ముడుచుకునే అవసరమే రాదు కాబట్టి మడ్డి మరింత పేరుకుంటుంది. వారానికి కిలోన్నరకు మించి వేగంగా బరువు తగ్గేవారికి రాళ్లు వచ్చేది కూడా ఇందుకే.

రాయి సంచిలో ఊరికే పడి ఉన్నంతకాలం మనకు తెలియదు. స్కానింగులో రాళ్లు కనబడిన వారిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. వారికి ఆపరేషను కూడా సాధారణంగా అవసరం లేదు. భోజనం తర్వాత సంచి ముడుచుకున్నప్పుడు రాయి మూతికి అడ్డం పడితేనే చిక్కు. సంచి పిండుతుంది, రసం బయటికి పోదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అదే మీకు వచ్చిన నొప్పి. అరగంట నుంచి కొన్ని గంటల దాకా ఒకే తీరుగా ఉంటుంది. వీపులోకి, కుడి రెక్క ఎముక కిందికి, కుడి భుజానికి పాకుతుంది. వాంతులు కావచ్చు. రాయి వెనక్కు జారగానే చేత్తో తీసేసినట్టు పోతుంది.

ఆడవారిలో, నలభై దాటినవారిలో, కాన్పులు అయినవారిలో, లావుగా ఉన్నవారిలో, షుగరు ఉన్నవారిలో ఇవి ఎక్కువ. అలాగని మగవారికి, సన్నగా ఉన్నవారికి రావని కాదు. సికిల్ సెల్, తలసీమియా వంటి రక్తవ్యాధులు ఉంటే చిన్నపిల్లలకూ వస్తాయి. 1968లో మనదేశపు రైల్వే ఉద్యోగుల మీద వెలువడిన ఒక పరిశీలనలో దక్షిణాదివారి కంటే ఉత్తరాదివారిలో ఈ రాళ్లు ఏడు రెట్లు ఎక్కువగా కనిపించాయి.

కొండపిండి సంగతి

మీ అత్తగారు ప్రేమతోనే చెప్పారు. కాని ఆమె అంటున్నది మూత్రపిండాల్లోని రాళ్ల మాట. కొండపిండి ఆకు, అరటిదవ్వ రసం, ఉలవచారు మనవాళ్లు తరతరాలుగా వాడేది వాటికే. కిడ్నీలోని చిన్నరాయి మూత్రంతో పాటు బయటికి పోవడం మామూలే, అది మంచిదే. పిత్తాశయంలో రాయికీ మూత్రానికీ సంబంధమే లేదు. పైగా ఈ రాయి కదిలి జారిపోవడమే ప్రమాదం. అది పైత్యరసం పోయే పెద్దనాళంలో చిక్కుకుంటే పచ్చకామెర్లు వస్తాయి. ఇంకొంచెం కిందికి దిగి క్లోమగ్రంథి నాళానికి అడ్డుపడితే క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు.

ఆలివ్ నూనెలో నిమ్మరసం కలిపి తాగితే రాళ్లు పడిపోతాయని మరికొందరు చెబుతారు. తాగిన మర్నాడు ఆకుపచ్చగా, మెత్తగా ఉండలు పడిన మాటా నిజమే. కాని అవి రాళ్లు కావు. తాగిన నూనే ప్రేవుల్లో సబ్బులా మారి ఉండకట్టింది. మళ్లీ స్కానింగు తీయిస్తే రాళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

కరిగించే మందు బొత్తిగా లేదా అంటే, ఒకటుంది. అర్సోడియాక్సీకోలిక్ ఆసిడ్ అనే మాత్ర. చిన్నవి, సున్నం పట్టనివి, కొలెస్టరాలు రాళ్లయితేనే పనిచేస్తుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా మింగాలి. కరిగినా, మందు మానాక అయిదేళ్లలో సగంమందికి మళ్లీ వస్తాయి. అందుచేత ఆపరేషనుకు బొత్తిగా పనికిరానివారికే దీన్ని ఇస్తారు.

ఏం తినాలి?

వేళకు తినండి. ఒక్కసారి కడుపునిండా కాకుండా, కొంచెం కొంచెంగా మూడు నాలుగుసార్లు తినండి. ఇడ్లీ, పుల్కా, అన్నం, పెసరకట్టు, చారు, బీరకాయ, ఆనపకాయ, పొట్లకాయ, ఆకుకూరలు, మీగడ తీసిన పాలు, మజ్జిగ, చేప పులుసు నూనె తగ్గించి, అన్నీ నిక్షేపంగా తినవచ్చు. అన్నం పరిమాణం షుగరును బట్టి చూసుకోండి. గారెలు, బూరెలు, పూరీ, బజ్జీ, వేపుళ్లు, నెయ్యి కారే పప్పన్నం, ఆవకాయ మీద తేలే నూనె, కొబ్బరిపాల వంటలు, మాంసంలో కొవ్వు ఆపరేషను అయ్యేదాకా పక్కన పెట్టండి. నూనె పూర్తిగా మానవద్దు. పోపుకు ఒక చెంచా చాలు. ఏది తిన్నప్పుడు నొప్పి వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోండి. అందరికీ ఒకే వస్తువు పడకపోవడం అంటూ లేదు. ఈ పథ్యం రాయిని కరిగించదు. నొప్పి వచ్చే సందర్భాలను తగ్గిస్తుంది, అంతే.

కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉండే అలవాటుంటే ఈ ఏడాదికి మానండి. పగలంతా ఉపవాసం ఉండి రాత్రి పులిహోర, గారెలతో పారణ చేయడం పిత్తాశయానికి అన్నిటికన్నా కష్టమైన పని. దేవుడికి దణ్ణం పెట్టుకుని పూటకు తినండి.

నొప్పి వస్తే?

సోడా, గ్యాసు మాత్రలు ఈ నొప్పిని తగ్గించవు. డైక్లోఫెనాక్ జాతి మందులు బాగా పనిచేస్తాయి. కాని మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబడే మందులు, గర్భం ఉన్నవారికి అవి పనికిరాకపోవచ్చు. అందుచేత మందుల షాపులో అడిగి కొనుక్కోక, మీకు ఏది పనికివస్తుందో, ఎంత మోతాదో, ఎన్నిసార్లో మీ డాక్టరుచేత ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోండి.

ఇంకో హెచ్చరిక. నొప్పి రొమ్ము మధ్యకో, ఎడమచేతికో, దవడకో పాకినా, చెమటలు పట్టి ఆయాసం వచ్చినా “నాకు రాళ్ల నొప్పేలే” అని ఊరుకోవద్దు. షుగరు ఉన్నవారికి గుండెపోటు కడుపునొప్పి రూపంలో రావచ్చు. వెంటనే ఇ.సి.జి. తీయించాలి.

ఆగకూడని గుర్తులు

నొప్పి అయిదారు గంటలు దాటినా తగ్గకపోవడం, చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో, విరేచనం సున్నంలా తెల్లగా కావడం, ఒళ్లంతా దురద, ఆగని వాంతులు, నడుమును చుట్టేసినట్టు వీపులోకి దూసుకుపోయే నొప్పి, మనిషి మగతగా అయిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆపరేషను తేదీ కోసం ఎదురుచూడకండి. అర్ధరాత్రయినా 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి.

ముఖ్యంగా కామెర్లు. కళ్లు పచ్చబడగానే పసరు తాగించడం, చేతిమీద వాత వేయించడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు అలా కాదు. అడ్డు తీస్తేనే తగ్గుతాయి. నోటి ద్వారా గొట్టం పంపి నాళంలోని రాయిని తీసే పద్ధతి ఇప్పుడు ఉంది. పసరు కోసం ఆగిన నాలుగు రోజుల్లో చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కవచ్చు.

ఆపరేషను తప్పదా?

1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్ని తీశాడు. రాళ్లు తీసి సంచిని వదిలితే మళ్లీ రాళ్లు వస్తాయి కనుక సంచినే తీయాలన్నది ఆయన సిద్ధాంతం. అది ఈనాటికీ నిలిచింది. మనదేశంలో 1990 నుంచి కడుపు కోయకుండా, నాలుగు చిన్న రంధ్రాల ద్వారా తీస్తున్నారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తారు. కొద్దిమందికి లోపల అతుకులు ఎక్కువగా ఉండి, మామూలుగా కోసి చేయవలసి వస్తుంది. పైత్యరస నాళానికి దెబ్బ తగలడం అరుదు. అయినా ఉంది కాబట్టి, ఈ ఆపరేషను తరచుగా చేసే సర్జన్ దగ్గరకే వెళ్లండి.

మీ ఆడపడుచుగారి భయం నిజం కాదు. పైత్యరసం తయారుచేసేది కాలేయం. పిత్తాశయం గిడ్డంగి మాత్రమే. గిడ్డంగి లేకపోతే సరుకు నేరుగా ప్రేవుల్లోకి పోతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి. తర్వాత మామూలు భోజనం చేయవచ్చు.

ఇక, ఆగడం గురించి. నొప్పి తప్ప ఇతర చిక్కులు లేని 434 మందిని బ్రిటన్‌లో రెండు జట్లుగా చేసి, ఒక జట్టును ఆపరేషను జాబితాలో పెట్టారు. రెండోజట్టును మందులు, పథ్యంతో ఆగమన్నారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఏడాదిన్నర గడిచాక బాధ విషయంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆగినవారిలో నూటికి 25 మందికి మాత్రమే ఆలోగా ఆపరేషను జరిగింది. కాబట్టి రెండు నెలలు ఆగినంతమాత్రాన కొంప మునిగిపోదు. అయితే ఇది జ్వరం, కామెర్లు, క్లోమం వాపు లేనివారి మాట. సంచికి చీము, వాపు వస్తే లెక్క మారుతుంది. పూర్వం ఆరు వారాలు చల్లబరిచి చేసేవారు. ఇప్పుడు వీలైతే మొదటి వారంలోనే చేస్తున్నారు.

మరో విషయం ముందే తెలుసుకోండి. తేన్పులు, కడుపుబ్బరం, గుండెలో మంట ఆపరేషనుతో పోతాయని ఆశపడవద్దు. నెదర్లాండ్స్‌లో వెయ్యిమందికి పైగా రోగులను గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎక్కువమందికి ఆపరేషను అయినా, ఏడాది తర్వాత కడుపునొప్పి పూర్తిగా పోయినవారు నూటికి 60 మందికి మించలేదు. మీరు రాసిన నొప్పి మాత్రం అచ్చంగా రాళ్ల నొప్పే. ఆరు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది. అందుచేత మీకు ఆపరేషను మేలు చేసే అవకాశం ఎక్కువ.

పెళ్లి సంగతి. ఇచ్చిన తేదీ పెళ్లికి నెలరోజుల ముందే అయితే వాయిదా వేయకుండా చేయించుకోండి. వారం రెండు వారాల్లో మామూలు పనులు చేసుకోగలరు. పెళ్లి దగ్గరపడి ఉంటే, సర్జన్‌తో మాట్లాడి పెళ్లి కాగానే తేదీ వేయించుకోండి. “తర్వాత చూద్దాం” అని వదిలేయకండి. పెళ్లిపనుల్లో వేళకు తినడం మర్చిపోయి, రాత్రి విందు భోజనం చేయడమే ముప్పు. వంటవాళ్లకు చెప్పి మీకు వేరుగా పప్పు, చారు పెట్టించుకోండి.

ఈ రెండు నెలల్లో చేయవలసినవి ఇవి: షుగరును అదుపులోకి తెచ్చుకోండి. రోజూ అరగంట నడవండి. వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్ వంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపవద్దు, ఎప్పుడు ఆపాలో వారే చెబుతారు. ఆరోగ్యశ్రీ వంటి పథకంలో ఈ ఆపరేషను మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడిగి, కార్డు, స్కానింగు రిపోర్టు ఒకే సంచిలో పెట్టుకోండి. పైన చెప్పిన ఆగకూడని గుర్తులను మీవారికి, పిల్లలకు కూడా చదివి వినిపించండి. నొప్పితో మెలికలు తిరిగేవేళ అవి గుర్తుండవలసింది పక్కనున్నవారికి.