గురకే కదా అని తలుపేయొద్దు

కనకాలపేట అరుగుల మీద తరచూ వినబడే మాట ఒకటుంది. మందు ఒళ్లు గుల్ల చేస్తుందట, నిద్రమాత్ర సుబ్బరంగా పడుకోబెడుతుందట. కల్లైతే చలవేనట.

యానాం అంటే పొలిమేర అవతలి మనవాళ్లకు మద్యం దుకాణాలే గుర్తొస్తాయి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం వచ్చినప్పుడూ, 2019 తర్వాత అక్కడ ధరలు మండినప్పుడూ బళ్లన్నీ ఇటే తిరిగాయి. పోలీసులు సీసాలు లెక్కపెట్టారు, మేమూ ఆ లెక్కలే రాశాం. జేబులోని మాత్రల షీటు సంగతి ఎవరికీ పట్టలేదు.

మద్యం, ఆల్ప్రాజోలం, డైజిపామ్ అన్నీ మెదడును మందగింపజేసేవే. మద్యం మితిమీరితే అదొక్కటే ప్రాణం తీస్తుంది. పాతకాలపు బార్బిట్యురేట్లకంటే ముప్పు తక్కువని డాక్టర్లు ఈ మాత్రలకు మారారు. వాటికి మంచిపేరు అలా వచ్చింది. పెగ్గు మీద మాత్ర పడితే మాత్రం ఆ పేరు చెల్లదు. రెండూ కలిసి ఊపిరినే అణచేస్తాయి. ఒళ్లునొప్పులకని ట్రమడాల్ కూడా తోడైతే ఇక చెప్పేదేముంది!

కల్లు చలవ అనేవారికి ఒక్క సంగతి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అందులో ఆల్ప్రాజోలం ఉన్నట్టు తేలింది. తాగింది కల్లో మాత్రో తాగినవాడికే తెలియదు.

ఇంకో పొరపాటు ఇళ్లలోనే జరుగుతోంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడి మెడలో మాల వేయించి ఒక్కరోజులో మాన్పించేస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ అలాంటివాడికి రెండు మూడు రోజుల్లోనే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావొచ్చు, ప్రాణమూ పోవచ్చు. అలవాటైన నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపినా ఇదే ముప్పు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలా మందు ఆగిపోయినవాళ్లే బారులు తీరారు. అదే ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. మాన్పించాల్సిందే, డాక్టరు కనుసన్నల్లో మాన్పించాలి. 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

ఈ మాత్రలు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవారి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. యానాం, కాకినాడ అధికారులు కలిసి ఆ రిజిస్టర్లు ఒక్కసారి తిరగేయాలి. సీసాల కోసం చెక్‌పోస్టులు పెట్టినవాళ్లకు అదేమంత కష్టం?

ఈలోగా ఇంట్లోవాళ్లకో మాట. తాగి పడిపోయినవాడు గురక పెడుతుంటే నిద్రపట్టిందిలే అని తలుపేస్తాం. అది ఊపిరి అందక వచ్చే గురకా కావచ్చు. తట్టి లేపండి. లేవకపోయినా, శ్వాస నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. జేబులో మాత్రల షీటు దొరికితే దాన్నీ ఆసుపత్రికి పట్టుకెళ్లండి.