అడిగి మ్రింగుడు

మృగశిర కార్తె ప్రవేశించినదనగానే నాంపల్లి స్టేషనులో రైలు దిగువారి పోలికయే మారిపోవును. చంకలో బిడ్డ, చేతిలో దుప్పటి, రొమ్ములో పిల్లికూత. వీరు సంతకు వచ్చినవారు కారు, తీర్థమునకు వచ్చినవారు కారు. ఊపిరి కొఱకు వచ్చినవారు. కర్ణాటకము నుండియు, మహారాష్ట్రము నుండియు, ఉత్తర హిందూస్థానము నుండియు బయలుదేరి వచ్చి, ముందురాత్రియే ప్రదర్శనశాల మైదానమున నేలపై పండుకొని, తెల్లవారి వరుసలో నిలిచి, పసుపుపచ్చని ముద్ద నోట పెట్టిన కొరమీను పిల్లను ప్రాణముండగానే గుటుక్కున మ్రింగి పోవుచున్నారు. దీనికే చేపమందని పేరు. చేప ముట్టనివారికి బెల్లముతో ఇత్తురు.

ఈ జనమును చూచి నవ్వుట మా అభిమతము కాదు. రాత్రి రెండుగంటల వేళ లేచి, కిటికీ చువ్వలు పట్టుకొని కూర్చుండి, లోనికి పీల్చిన గాలి వెలికి రాక పెనుగులాడిన వానికి తెలియును, మనుష్యుడు ఎంతదూరమైన ఎందుకు పోవునో! ఆ బాధ పడనివానికి నవ్వు హక్కు లేదు. అయితే నవ్వరాదనుట వేఱు, అడుగరాదనుట వేఱు.

ఆ మైదానమునకు కూతవేటు దూరమున ఆబిడ్సు కలదు. అచ్చట మందుల అంగళ్ళున్నవి, వైద్యుల గదులున్నవి. ఉబ్బసము ముదిరిన రోగికి నేడు వైద్యులు క్రొత్త సూదిమందు మాట చెప్పుచున్నారు. దాని వెల నెలకు పదుల వేల రూపాయలు. నాంపల్లిలో వెల లేని ముద్ద, ఆబిడ్సులో వెల కట్టలేని సూది. ఈ రెంటి నడుమ నిలిచిన సంసారి ఏమి నిర్ణయింపవలెను? మా ఉత్తరము ముందే చెప్పుచున్నాము. రెండు చోట్లను ఒకే ప్రశ్నలడుగవలెను. ఉత్తరమీయని చోట నోరు తెఱవరాదు, చేయి చాపరాదు.

మొదట నాంపల్లి మాట చూతము. బత్తిని వారి కుటుంబము ఈ మందును 1845 నుండి ఇచ్చుచున్నామని చెప్పుకొనుచున్నది. తమ పూర్వికుడు వీరన్న గౌడునకు ఒక సాధువు ఈ యోగమును ఉపదేశించి, వెల పుచ్చుకొనరాదని కట్టడి చేసెనని వారి కథనము. పూర్వము పాతబస్తీలోని దూద్‌బౌలిలో వారి యింటనే ఇచ్చుచుండిరి. జనము పెరిగిన పిదప నాంపల్లికి వచ్చినది. 2020, 2021, 2022 సంవత్సరములలో మహమ్మారి చేత ఆగి, 2023లో తిరిగి మొదలైనది. ముద్దకు వెల పుచ్చుకొనకుండుట మెచ్చదగిన గుణమే. కాని వెల లేకుండుట ఇచ్చువాని గుణమునకు సాక్ష్యము. మందు గుణమునకు సాక్ష్యము కాదు.

ఈ చేప గొంతులో కదలాడుచు కఫమును త్రోసికొని పోవునట! మన మెడలో గొట్టములు రెండు. ఒకటి అన్నమునకు, ఒకటి ఊపిరికి. మ్రింగినది మొదటి దారిని కడుపునకు పోవును. ఉబ్బసము రెండవదాని కొమ్మలలో నున్నది. అచ్చట లోపలిపొర వాచి, చుట్టుకండరము బిగిసి, జిగురు పేరుకొని, గాలి త్రోవ ఇరుకగును. చేప పొరపాటున ఆ దారి త్రొక్కినచో కఫము మాట అటుండ ప్రాణమే పోవును. అన్నపు గొట్టమును తుడిచి ఊపిరి గొట్టము శుభ్రపడినదనుట, పొరుగింటి చూరు కప్పి మన యిల్లు కారుట మానినదనుట వంటిది.

మఱి నయమైనవారు లేరా యని అడుగుదురు. ఉందురు. ఉబ్బసము చంద్రుని వలె పెరుగుచు తరుగుచు నుండు రోగము. బాధ మిక్కుటమైనపుడే మనుష్యుడు రైలెక్కును. మిక్కుటమైన బాధ తరువాత, ఏమియు చేయకున్నను, కొంత తగ్గుట ఈ రోగపు స్వభావము. బాల్యమున వచ్చినది యౌవనమున తనంతట తాను సన్నగిలుటయు కలదు. తగ్గినవాడు మఱుసటి యేడు పదిమందిని వెంటబెట్టుకొని వచ్చును. తగ్గనివాడు రాడు. చనిపోయినవాడు ఎట్లును రాజాలడు. వరుసలో నిలిచినవారినే లెక్కించినచో మందు ఎల్లప్పుడు గెలుచును! అదియుగాక మూడేండ్లు వరుసగా మ్రింగవలెనట. నలువదియైదు దినములు పథ్యముండవలెనట. తగ్గినచో కీర్తి మందునకు. తగ్గకున్నచో తప్పు పథ్యము చెడగొట్టుకొన్న రోగికి. ఇట్టి వ్యాజ్యెములో మందు ఓడుట యెట్లు?

ముద్దలో ఏమున్నదని అడిగినచో రహస్యమందురు. మందైనచో పరీక్షకు పెట్టుడనగా, మందు కాదు, ప్రసాదమందురు. జన విజ్ఞాన వేదిక వారు ఏండ్ల తరబడి ఈ ప్రశ్నలే అడుగుచున్నారు. 1945 నాటి ఔషధ నియమములలోని ‘జె’ షెడ్యూలు, ఏ మందును నయము చేయునని చెప్పుకొనరాని రోగముల పట్టికలో ఉబ్బసమును చేర్చినది. కావున మేమనునది ఒక్కటే. మందైనచో పరీక్షకు నిలువవలెను. ప్రసాదమైనచో రోగము పేరెత్తరాదు. భక్తితో పుచ్చుకొనువారికి ప్రసాదము ప్రసాదమే. దానికి మేమడ్డము రాము. వరుసలో నిలుచునపుడు మందు, ప్రశ్న వచ్చినపుడు ప్రసాదము — ఈ రెండు వేషములు ఒక్క నాటకమున చెల్లవు.

‘మన దేశపు మందును మనమే శంకింతుమా?’ యని కొందఱు దేశభక్తులు కన్నెఱ్ఱ చేయుదురు. వారిని మేము అడుగుచున్నాము: పరీక్షకు వెఱచునది స్వదేశియా? ఇదే నాంపల్లి మైదానమున 1946 నుండి నుమాయిషు జరుగుచున్నది. అచ్చట గజము గుడ్డ కొనువాడు దానిని వెలుతురునకెత్తి చూచును, నలిపి చూచును, రంగు పోవునా యని అడుగును. జనవరిలో గుడ్డకు చేసిన పరీక్ష జూనులో బిడ్డ గొంతులోనికి పోవుదానికి అక్కఱలేదా?

అడ్డసరము మన పెరటి మొక్క. మన వైద్యులు దగ్గునకు దానిని వాడిరి. దాని ఆకులోని వాసిసిన్ అను పదార్థమును శోధించి, దానినాధారము చేసికొని బ్రోమ్‌హెక్సిన్ అను మందు చేసిరి. నేడు అది ప్రపంచపు అంగళ్ళలో నున్నది. ఆకు పరీక్షకు నిలిచినది గనుకనే దాని వంశము పెరిగినది.

ఈ నగరమునకు పరీక్ష క్రొత్త కాదు. 1888, 1889 సంవత్సరములలో శస్త్రచికిత్సకు ముందు పీల్పించు క్లోరోఫారము ప్రాణము తీయునది గుండెను ఆపియా, ఊపిరిని ఆపియా అని తేల్చుటకు ఇచ్చటనే రెండు సంఘములు కూర్చుండినవి. ఎడ్వర్డు లారీ అను వైద్యుడు పూనుకొనెను. ఆరవ నిజాము ధనమిచ్చెను. ఊపిరిని ఆపియే యని ఆ సంఘములు తేల్చినవి. 1911 నాటికి ఆ తీర్పు తప్పని తెలిసినది. క్లోరోఫారము గుండెనే ఆపగలదని లీవీ అను శాస్త్రజ్ఞుడు చూపెను. హైదరాబాదునకు ఇది అవమానమా? కాదు, గౌరవము. చేసినదంతయు అచ్చువేసి లోకము ముందుంచిరి గనుక పొరపాటు పట్టుబడినది, ప్రాణములు దక్కినవి. రహస్యము మాత్రము ఎన్నడును పొరపాటు కాజాలదు. అదియే దాని దోషము.

ఇక ఆబిడ్సు మాట. చేపను అడిగిన ప్రశ్నలు సూదిని అడుగకుండుట మఱియొక మూఢత్వము. తెల్లకోటు చూచి నోరు మూసికొనుటకును, సాధువు పేరు విని నోరు తెఱచుటకును భేదము స్వల్పము.

మొదటి ప్రశ్న: ఇది ఉబ్బసమేనా? పిల్లికూత కూయునదెల్ల ఉబ్బసము కాదు. మనవారు ఇస్నోఫీలియా యని పిలుచు రోగమొకటి కలదు. ఫైలేరియా పురుగును శరీరము ఎదిరించుటలో ఊపిరితిత్తులు వాచి, రాత్రులందు దగ్గు, ఆయాసము పుట్టును. చూచువానికి ఉబ్బసమే. దీనికి వాడు డైఇథైల్ కార్బమజీన్ అను మందు, 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో వెలువడినది. సుబ్బారావు పేర వీధులకు పేరు పెట్టుట సులభము. ఊది చూచు శ్వాసపరీక్ష, రక్తపరీక్ష అడిగి చేయించుకొనుటయే ఆయనకు సరియైన నివాళి.

రెండవ ప్రశ్న: ఉన్న మందు సరిగా పీల్చుచున్నామా? పీల్చుడు మందనగా మనవారికి భయము. అలవాటగునట, అది కడపటి మందట! పెండ్లిచూపుల నాడు ఇన్‌హేలరును బీరువాలో దాచు ఇండ్లెన్నో కలవు. నిజమేమనగా, సాల్బుటమాల్ బిళ్ళలో నాలుగు మిల్లీగ్రాములుండగా, ఒక్క పీల్పులో నూఱు మైక్రోగ్రాములే. అనగా నలువదవ వంతు. కావలసిన చోటికి పోవును గనుక కొంచెమే చాలును. అయితే అది తాత్కాలికముగా త్రోవ తెఱచునది మాత్రమే; వాపును అణచునది పీల్చుడు స్టెరాయిడు, దానిని బాగున్న నాడును విడువరాదు. తెఱచు మందునొక్కదానినే నమ్ముకొనుట తగదని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంఘమైన ‘గినా’ 2019లో స్పష్టముగా చెప్పినది. ఇన్‌హేలరు చీటీ వ్రాసి, పీల్చుట చూపకయే పంపివేయు వైద్యుడు, ముద్దలో ఏమున్నదో చెప్పక మ్రింగించువానికంటె ఎంత మేలు? పీల్చుట నేర్చి, పొయ్యిపొగ, బీడీపొగ, ఇంటి దుమ్ము సరిచూచికొనినచో ‘తీవ్రమైన ఉబ్బస’మని పేరుపడిన అనేకులకు ఆ పేరు తొలగిపోవును.

మూడవ ప్రశ్న: అటు పిమ్మటను నిలిచియున్నదెవరికి? వారు కొలదిమందియే, కాని నిజముగా ప్రాణాపాయమున నున్నవారు. దాడి వచ్చినపుడెల్ల స్టెరాయిడు బిళ్ళలు మ్రింగి మ్రింగి ఎముక గుల్లయై, మధుమేహము తెచ్చుకొని, కంటికి శుక్లము కమ్మినవారు వీరిలో నున్నారు. క్రొత్త సూదిమందులు వీరి కొఱకే పుట్టినవి. అమెరికాలో 2003లో అనుమతి పొందిన ఒమాలిజుమాబ్, 2015లో పొందిన మెపోలిజుమాబ్ ఈ జాతివి. మొదటిది ఐజీఈ అను పదార్థమును పట్టివేయును. రెండవది ఇస్నోఫిల్ కణముల పెంపును అరికట్టును. తగిన రక్తలక్షణమున్న రోగులలో మెపోలిజుమాబ్ తీవ్రమైన దాడులను రమారమి సగమునకు తగ్గించినదని బహిరంగ పరీక్షలలో తేలినది. కాని రోగమును వేరుతో పెఱికివేయునని దానిని చేసినవారు సైతము చెప్పలేదు.

కావున రోగి అడుగవలెను. నా రక్తము ఏ మందునకు తగినది? కడుపులో పురుగులున్నచో ముందు వానికి చికిత్స చేసితిరా? గడచిన యేడు నాకు దాడులెన్ని. ఇకమీద ఎన్నటికి దిగవలెను? కనీసము నాలుగు నెలలు చూచి, గుణము లేనిచో ఆపుదుమా? ఆపు నిర్ణయమెవరిది? ఏడాది వెల యెంత, నడుమ డబ్బు లేకపోయినచో గతి యేమి? మొదటి సూదులు వేసిన పిదప ఎంతసేపు మీ కంటి ముందుంచుకొందురు? ఏలయనగా అరుదుగానైనను తీవ్రమైన ప్రతిక్రియ కలుగవచ్చును. ఇవి ఎదురు ప్రశ్నలు కావు, రోగి హక్కులు. తిన్నగా ఉత్తరము వచ్చినచో, అక్కఱ నిజమైనచో, విదేశపు మందను నెపమున విడుచుట మూర్ఖత. ఒక్క మాట మాత్రము మఱువరాదు. చేప మ్రింగినను, సూది పొడిపించుకొన్నను, ఉన్న ఇన్‌హేలరును ఎవరి మాట మీదను హఠాత్తుగా విడువరాదు. అట్లు విడిచినవారినే మృత్యువు వెదకికొనుచు వచ్చును.

ఇక ప్రభుత్వమునకు మా ఫిర్యాదు. మృగశిర నాటికి మత్స్యశాఖ లక్షకు పైగా చేపపిల్లలను సిద్ధము చేయును. పోలీసులు కంచెలు కట్టుదురు. నీరు, దీపములు, బస్సులు అమరును. ఒక్క నాటికి ఇంత చేయగలిగిన చేతులు తక్కిన 364 దినములు ఏమి చేయుచున్నవి? ప్రపంచపు ఉబ్బస రోగులలో మనవారు సుమారు నూటికి 13 మంది. ఉబ్బస మరణములలో మాత్రము నూటికి 40కి మించి మనవే యని అంచనా. ఈ అంతరము రోగపు దోషము కాదు, ఏర్పాటు దోషము. 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో బుడెసొనైడు కలదు, సాల్బుటమాల్ కలదు. పట్టికలో నున్నది పల్లె ఆరోగ్యకేంద్రపు బీరువాలో ఏడాది పొడుగునను ఉండవలెను. పీల్చుట నేర్పు మనుష్యుడు దాని ప్రక్క నుండవలెను. లోకమునకు మందులు, టీకాలు చేసి పంపు ఈ నగరము, తన రోగులకు ఆ సూదులను అందుబాటు వెలకు చేసి యీయవలెను. స్వదేశి యనగా అది.

అంతవరకు నాంపల్లిలో దిగినవారికి మేము చెప్పునది సులభము. మైదానపు గేటు దాటుటకు ముందు మెట్రో మెట్లెక్కుడు. అదే ఎఱ్ఱలైనులో ఎఱ్ఱగడ్డ కలదు. అచ్చట సర్కారు ఛాతీ ఆసుపత్రి కలదు. ఊపిరి కొలిపించుకొని, రోగము పేరు తెలిసికొని, పీల్చుట నేర్చికొని, పిదప మీ నిర్ణయము మీరే చేసికొనుడు. పఠనమందిరములలో ఈ పత్రిక చదువు మిత్రులు, చదువురాని పొరుగువానికి ఈ ప్రశ్నలు చదివి వినిపింపవలెనని మా కోరిక. ఊపిరి మనది. దాని కొఱకు ఏది మ్రింగినను, అడిగి మ్రింగుడు.