తుడవక ముందే పరీక్షించండి

"మా సేఫ్టీ వాల్వు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదండీ!" ఉప్పుడు బియ్యం మిల్లులో అడిగినా, అద్దకం యూనిట్లో అడిగినా, మందుల కంపెనీ బాయిలర్ హౌస్‌లో అడిగినా ఇదే జవాబు. అదీ ధీమాగా. నాకు మాత్రం ఈ మాట వింటే భయమేస్తుంది. పంపు ఆగితే ఆ పూటే తెలుస్తుంది. మోటారు కాలితే వాసనొస్తుంది. సేఫ్టీ వాల్వు బిగుసుకుపోతే ఎవరికీ తెలియదు. బాగున్న వాల్వూ కదలకుండా కూర్చుంటుంది, పాడైన వాల్వూ కదలకుండానే కూర్చుంటుంది. ఏది ఏదో తేలేది ఒత్తిడి హద్దు దాటిన రోజున. లేదా అంతకుముందే టెస్ట్ బెంచ్ మీద.

పరికరం చూస్తే చాలా సాదా. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపెన్ ఎముకలను ఆవిరి ఒత్తిడిలో ఉడికించే పాత్ర ఒకటి తయారుచేశాడు. అది పేలకుండా, లీవరుకు బరువు తగిలించిన వాల్వును దానికి అమర్చాడు. మన వంటింటి కుక్కరు మీది వెయిటు ఆ వంశానిదే. ఫ్యాక్టరీల్లో బరువు స్థానంలోకి స్ప్రింగు వచ్చింది. కింద నాజిల్, దాని అంచున సీటు, సీటు మీద డిస్కు, డిస్కును అదిమిపట్టే స్ప్రింగు. లోపలి తోపుడు స్ప్రింగు బలాన్ని మించగానే డిస్కు లేస్తుంది. అదనపు ఒత్తిడి బయటికి పోయాక తిరిగి సీటు మీద కూర్చుంటుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, సెన్సర్ అక్కర్లేదు, ఆపరేటర్ కళ్లు తెరిచి ఉండాల్సిన పని కూడా లేదు. మిగతా రక్షణలన్నీ చేతులెత్తేసినా ఇది ఆదుకుంటుందని దాన్ని అక్కడ పెట్టుకున్నాం.

అంత సాదా పరికరమే అయినా అది చెడిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. నీళ్లలోని సున్నం, తుప్పు, గొట్టాల్లో గడ్డకట్టే రసాయనాలు డిస్కును సీటుకు అతికించేస్తాయి. సన్నగా లీకయ్యే ఆవిరి సీటును కోసి గాడి చేస్తుంది. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న స్ప్రింగు బలం కోల్పోతుంది. వీటన్నిటికన్నా ప్రమాదం మనుషులు చేసేది. వాల్వు లీకవుతోందని పైన ఉన్న స్క్రూను ఇంకో రెండు మరలు బిగిస్తారు. లీకు ఆగుతుంది, సూపర్‌వైజరు సంతోషిస్తాడు. చదరపు సెంటీమీటరుకు పది కిలోల ఒత్తిడి దగ్గర లేవాల్సిన వాల్వు ఇప్పుడు ఎన్ని కిలోల దగ్గర లేస్తుందో ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ వారం ఒకే ఒక్క విషయాన్ని పట్టుకుని రాస్తున్నాను. మరమ్మతుకు తెచ్చిన వాల్వును శుభ్రం చేయక ముందే, వచ్చింది వచ్చినట్టుగా బెంచ్ మీద ఒకసారి పరీక్షించాలి. ఆ అంకెను రాసి పెట్టాలి. ఈ రంగంలో పేరున్న అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 576 పద్ధతి కూడా ఇదే చెబుతుంది. మన వర్క్‌షాపుల్లో మాత్రం ఈ మెట్టును దాటేయడం మామూలైపోయింది.

ఆ మొదటి అంకెకు అంత విలువ ఎందుకు? పది కిలోలకు సెట్ చేసిన వాల్వు ఒకటి బెంచ్ మీదికి వచ్చిందనుకుందాం. ఒత్తిడి పెంచుతూ పోతే పది దగ్గర కదలలేదు, పన్నెండు దగ్గర కదలలేదు, పద్నాలుగు దగ్గర ఢామ్మని లేచింది. రెండోసారి పెంచితే సరిగ్గా పది దగ్గరే లేచింది. అంటే స్ప్రింగు బాగానే ఉంది, డిస్కు అతుక్కుపోయింది. మొదటి దెబ్బకు ఆ అతుకు ఊడింది. ఇదే వాల్వును ముందే కడిగేసి ఉంటే బెంచ్ మీద పదికే లేచేది, సర్టిఫికెట్‌లో 'పాస్' అని పడేది. నిన్నటిదాకా ఆ బాయిలర్ రక్షణ లేకుండా నడిచిందన్న నిజం కడిగిన నీళ్లతోపాటు కాలువలో కలిసిపోయేది.

ఆ అంకె ఎవరినో దోషిగా నిలబెట్టడానికి కాదు. మళ్లీ ఎప్పుడు విప్పాలో తేల్చుకోవడానికి. ప్రతిసారీ సెట్ ప్రెషర్ దగ్గరే లేస్తున్న వాల్వును నమ్మవచ్చు. అతుక్కుపోయి వచ్చిన వాల్వును తొందరగా మళ్లీ చూడాలి, ఎందుకు అతుక్కుందో వెతకాలి. బాయిలర్ నీటిశుద్ధి సరిగా లేదేమో, వాల్వు లోహం ఆ రసాయనానికి తగినది కాదేమో. ఈ ప్రశ్నలన్నీ ఆ ఒక్క అంకెలోంచే పుడతాయి. నేను చూసిన సర్టిఫికెట్లలో చాలావాటిలో ఉండేది మరమ్మతు తర్వాతి అంకె మాత్రమే. అది వర్క్‌షాపు పనితనాన్ని చెబుతుంది, ఫ్యాక్టరీ స్థితిని చెప్పదు.

ఇక బెంచ్ దగ్గరి మనిషి ప్రాణం సంగతి. విప్పి తెచ్చిన వాల్వు ఖాళీగా ఉందనుకోవడం పెద్ద పొరపాటు. స్ప్రింగు ఉండే పై అరలో, బెలోస్ మడతల్లో అమ్మోనియానో, క్లోరినో, సాల్వెంటో నిలిచి ఉండవచ్చు. ఫ్యాక్టరీ గేటు దాటక ముందే లోపల ఏముండేదో కాగితం మీద రాసి వాల్వుకు కట్టి పంపాలి. ఆ విషాన్ని వదిలించడమూ ఫ్యాక్టరీ బాధ్యతే. లోపల నిలిచింది ప్రాణాంతకమైనదైతే మొదటి పరీక్ష కంటే అదే ముందు. వర్క్‌షాపు కుర్రాడు ఊపిరి పీల్చి కనుక్కోవాల్సిన విషయం కాదు అది. విప్పేటప్పుడు స్ప్రింగు బిగువును మెల్లగా వదలాలి. అంతకుముందే స్క్రూ ఎత్తు, రింగుల స్థానం కొలిచి రాసుకోవాలి. ఒక వాల్వు స్ప్రింగు ఇంకో వాల్వులోకి పోకూడదు. ప్రతి స్ప్రింగుకూ దాని ఒత్తిడి హద్దులు దానికున్నాయి.

సీటూ డిస్కూ సరిచేసే పనిని ల్యాపింగ్ అంటారు. మంచి ఫిట్టరు చేస్తుంటే చూడాల్సిన పని అది. చదునైన పోత ఇనుప దిమ్మ మీద సన్నని రాపిడి పేస్టు పూసి, డిస్కును దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో తేలిగ్గా తిప్పుతాడు. బలం పెట్టడు. మధ్యమధ్య తుడిచి వెలుతురుకు పట్టి చూస్తాడు, పేస్టును గరుకు నుంచి నునుపుకు మారుస్తాడు. తొందరపడేవాళ్లు డిస్కును నేరుగా సీటు మీదే పెట్టి రుద్దేస్తారు. అప్పుడు ఒకదాని గీత రెండోదాని మీదికి ఎక్కి రెండూ చదును కోల్పోతాయి.

ఆ తర్వాత బుడగల పరీక్ష. వాల్వు బయటి నోటిని మూసి, దానికి సన్నని గొట్టం తగిలించి, గొట్టం కొసను గ్లాసు నీళ్లలో అర అంగుళం లోతున ఉంచుతారు. సెట్ ప్రెషర్‌లో 90 శాతం దాకా గాలి ఎక్కించి బుడగలు లెక్కపెడతారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 527 ప్రమాణం ప్రకారం, మామూలు ఒత్తిళ్లలో లోహపు సీటున్న చిన్న రంధ్రపు వాల్వుకు నిమిషానికి 40 బుడగలు, పెద్దవాటికి 20 దాటకూడదు. రబ్బరు వంటి మెత్తటి సీటైతే ఒక్క బుడగా రాకూడదు. ఈ పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ, ఆ క్షణంలో వాల్వు లేస్తే మూసిన మూత ఎగిరి ముఖానికి తగులుతుంది. అందుకే దాని ఎదుట నిలబడకూడదు. పక్కన ఉండి అద్దంలో చూస్తూ లెక్కపెట్టాలి.

బెంచ్ మీద గాలి నీళ్లలాంటిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. నీళ్ల ఒత్తిడిలో గొట్టం చీలితే కాస్త నీరు చిమ్మి ఒత్తిడి పడిపోతుంది. నొక్కిపెట్టిన గాలి ఒక్కసారిగా వ్యాపించి లోహపు ముక్కల్ని విసిరేస్తుంది. సిలిండర్‌కు రెగ్యులేటర్ లేకుండా, బెంచ్‌కు సొంత సేఫ్టీ వాల్వు లేకుండా, క్రమాంకనం చేయని గేజితో పరీక్షలు చేసే షెడ్లు ఉన్నాయి. ఒత్తిడి నిండుగా ఉండగానే స్క్రూ తిప్పేవాళ్లూ ఉన్నారు. ముందు ఒత్తిడి బాగా దించాలి, డిస్కు తిరగకుండా స్పిండిల్ పట్టుకోవాలి, ఆ తర్వాతే స్క్రూ జోలికి వెళ్లాలి.

వాల్వు సరిగ్గా తయారై తిరిగొచ్చినా పని పూర్తయినట్టు కాదు. 2008 జూన్ 10న అమెరికాలోని హ్యూస్టన్‌లో గుడ్‌ఇయర్ సింథటిక్ రబ్బరు కర్మాగారంలో ఒక హీట్ ఎక్స్‌చేంజర్ సేఫ్టీ వాల్వు కింద ఉండే పలుచని రక్షక రేకు చిరిగింది. దాన్ని మార్చడానికి కింది ఐసొలేషన్ వాల్వు మూశారు. రేకు మార్చారు. మూసింది తెరవడం మరిచారు. మర్నాడు ఉదయం ఒత్తిడిని అదుపుచేసే రెండో దారినీ మూసి, గొట్టాలు శుభ్రం చేయడానికి ఆవిరి పంపారు. లోపలున్న ద్రవ అమ్మోనియా వేడెక్కింది, పోవడానికి దారి లేదు. ఎక్స్‌చేంజర్ పేలి ఒక ఉద్యోగి ప్రాణం పోయింది. సేఫ్టీ వాల్వులో లోపం లేదు. దాని దాకా ఒత్తిడిని చేరనివ్వని మూత ఒకటి మధ్యలో ఉంది.

భోపాల్లో కథ వాల్వుకు అటు చివర జరిగింది. 1984 డిసెంబరు 2 రాత్రి అక్కడి విషరసాయన ట్యాంకు మీది సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. తన పని తాను చేసింది. కానీ వచ్చిన విషవాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ గొట్టం మరమ్మతు కోసం విప్పి ఉంది. విషాన్ని విరిచేయాల్సిన స్క్రబ్బర్ అంత వాయువును తట్టుకోలేకపోయింది. గాలిలోకి పోయింది వాయువు కాదు, వేల ప్రాణాలు. అందుకే పరీక్ష అంటే వాల్వు ఒక్కదాన్నే చూడటం కాదు. దాని ముందరి దారి తెరిచి ఉందా, దాని వెనకాల అందుకునేవాడు సిద్ధంగా ఉన్నాడా అన్నవి కూడా చూడాలి.

మన దగ్గర చట్టాలకు కొదవ లేదు. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి పలువురు చనిపోయాక, మరుసటి ఏడాదే బెంగాల్లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. 1923లో దేశమంతటికీ బాయిలర్ల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. సేఫ్టీ వాల్వును పనిచేయకుండా చేయడం పాత చట్టంలోనూ నేరమే, కొత్త చట్టంలోనూ నేరమే. ఎల్పీజీ వంటి వాయువులను ఒత్తిడితో నిల్వచేసే ట్యాంకుల వాల్వులను ఏడాదికోసారి పరీక్షించాలని వేరే నియమాలున్నాయి. అయినా కాగితం ఎప్పుడూ పూర్తయిన పనినే చూపిస్తుంది. పని మొదలుపెట్టినప్పుడు ఉన్న స్థితిని అది చూపించాలంటే అడిగేవాళ్లుండాలి.

ఫ్యాక్టరీ యజమానులకు నా విన్నపం ఇది. వాల్వును వర్క్‌షాపుకు పంపేటప్పుడు 'క్లీన్ చేసి సర్టిఫికెట్ ఇవ్వండి' అని రాయకండి. 'తుడవక ముందు ఎంత దగ్గర లేచిందో, బాగుచేశాక ఎంత దగ్గర లేచిందో రెండూ రాసి ఇవ్వండి' అని రాయండి. వర్క్‌షాపు కాస్త ఎక్కువ అడిగితే ఇవ్వండి. రెండు రోజులు ఆలస్యమైతే, ముందే కొని పెట్టుకున్న స్పేరు వాల్వు బిగించి నడపండి. వాల్వు లేకుండా మాత్రం ఒక్క గంటా నడపకండి. బాయిలర్ అధికారులకు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్లకు కూడా ఒక మాట. సర్టిఫికెట్ ఉందా అని అడిగి వదిలేయకండి. రెండు అంకెలూ అడగండి, వాల్వు కింది ఐసొలేషన్ తెరిచి తాళం వేసి ఉందో లేదో కళ్లారా చూడండి. కార్మిక సంఘాలవాళ్లు బోనస్ గురించి అడిగినంత గట్టిగా ఈ అంకె గురించీ అడగాలి. బాయిలర్ పక్కన నిలబడేది వాళ్లే.

తుడిచిన వాల్వు అబద్ధం చెప్పగలదు. తుడవని వాల్వు చెప్పదు. దాన్ని ఒక్కసారి మాట్లాడనిచ్చి, చెప్పింది రాసుకోని ఫ్యాక్టరీలో సేఫ్టీ వాల్వు ఉన్నా లేనట్టే లెక్క.