మాత్ర రాసేటప్పుడే చెప్పాలి

నాలుక ఆగకుండా కదులుతుంది. మెడ ఒక పక్కకు గుంజుకుపోతుంది. చూసినవాళ్లు ‘పిచ్చి ముదిరింది’ అంటారు. చాలాసార్లు అది జబ్బుకిచ్చిన మందు చేసిన పనే. పేరు టార్డివ్ డిస్కినీసియా. మానసిక వ్యాధులకు ఏళ్ల తరబడి వాడే హాలోపెరిడాల్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ వంటివి దీన్ని తెచ్చిపెడతాయి. వయసు మళ్లిన స్త్రీలకు ముప్పు ఎక్కువ. వైద్యులు 1957లోనే దీన్ని గుర్తించారు. మరి మాత్ర రాసేటప్పుడు ఎంతమంది స్త్రీలకు చెప్పారు?

మందు మానినా ఇది తగ్గకపోవచ్చు. ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే. ఏ మందుకూ లొంగని తీవ్రస్థితిలో డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అనే ఆపరేషన్ చేస్తున్నారు. మెదడు లోతుకు సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీతో కరెంటు పంపుతారు. 2007లో వెలువడిన ఫ్రాన్సు అధ్యయనంలో పదిమందికి పదిమందిలోనూ ఆరు నెలలకు లక్షణాలు 40 శాతానికి పైగా తగ్గాయి. అందుకే ఆపరేషన్‌ను మేం వ్యతిరేకించడం లేదు. కానీ రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ భయాలున్నాయి. బ్యాటరీ అయిపోతే మళ్లీ కోత, మళ్లీ ఖర్చు.

చెప్పకుండా మాత్ర మింగించిన వ్యవస్థ, చెప్పకుండానే పుర్రెకు రంధ్రం వేస్తానంటే ఒప్పుకుందామా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అర్థం చేసుకుని నిర్ణయించుకోగల స్త్రీ సమ్మతి ఆమెదేనంది. భర్త సంతకం దానికి బదులు కాదు. మాత్ర రాసే రోజే ముప్పు చెప్పాలి. వచ్చిన ప్రతిసారీ నాలుక, ముఖం, చేతుల కదలికలు చూడాలి. దీనికి యంత్రాలక్కర్లేదు. ప్రతి ఆస్పత్రిలోనూ ఇది అడుగుదాం.