దూరపు జీపులు నునుపు

పాత విదేశీ ఫోర్‌వీల్ బళ్ళ బేరాల్లో పడమటి పల్లెల వారు చూసుకోవలసిన సంగతులు

(మా మార్కాపురం విలేఖరి)

సంతలో ఎద్దును కొనేటప్పుడు మన రైతు ఊరికే డబ్బు తీయడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. వీలుంటే కాడి కట్టి చాలు తోలిస్తాడు. ఇన్నీ అయ్యాక కూడా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం ఆడతాడు. అదే రైతు ఈ మధ్య మూడు నాలుగు లక్షలు పోసి, వెయ్యి మైళ్ళ అవతల ఉన్న పాత జీపును సెల్‌ఫోనులో నాలుగు ఫొటోలు చూసి కొంటున్నాడు. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఈ బళ్ళకు అక్షరాలా వర్తిస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఫోర్‌వీల్ బండి మీద మోజు ఉండడం వింత కాదు. పలకల గనుల దారులు, నల్లమల అంచు గూడేల బాటలు, వానపడితే దిగబడే నల్లరేగడి డొంకలు మామూలు కారుకు లొంగవు. ఒకప్పుడు ఈ ఊళ్ళకు సర్వీసు జీపులే దిక్కు. ఆ అలవాటు ఇంకా పోలేదు. దీనికి తోడు జపాను, ఇంగ్లండు కంపెనీల పెద్ద జీపులు ఉత్తరాది నగరాల్లో చౌకగా దొరుకుతాయన్న మాట పల్లెల దాకా వచ్చింది. చౌక మాట నిజమే కావచ్చు. ఆ చౌక వెనక ఏముందో కూడా తెలుసుకోవాలి.

ఒక రైతు అనుభవం

ఈ విలేఖరికి చిన్నాయన వరసయ్యే రైతు ఒకరు రెండేళ్ళ కిందట మిరప డబ్బులతో అటువంటి జీపు కొన్నారు. ఊరు, పేరు ఇక్కడ అనవసరం. ఫొటోలో బండి కొత్త పెళ్ళికొడుకులా ఉంది. అమ్మే మనిషి ఫోనులో "భాయి సాబ్" అంటూ మర్యాదగా మాట్లాడాడు. ముందు రు. 50 వేలు బయానా, లారీ ఎక్కించాక మిగతాది. మూడున్నర లక్షల బేరం. లారీ కిరాయి వేరే.

బండి వచ్చింది. చూడడానికి ఊరంతా కదిలింది. పది రోజుల తర్వాత పేరు మార్పు కోసం వాకబు చేస్తే అసలు కథ బయటపడింది. చాసిస్ మీద ఉన్న నెంబరులో ఒక అంకె ఆర్.సి.లోని అంకెతో కలవలేదు. ఆ రాష్ట్రం నుంచి రావలసిన ఎన్.ఓ.సి. లేదు. "వస్తుంది, పంపుతాను" అన్న మనిషి నెల తిరగకముందే ఫోను ఎత్తడం మానేశాడు. ఈలోగా ఆర్.సి. గడువు కూడా తీరింది.

ఇప్పుడా జీపు గొడ్ల కొట్టం పక్కన తార్పాలిన్ కింద ఉంది. కోళ్ళు దాని మీద పడుకుంటున్నాయి. "ఏందబ్బాయా, మూడున్నర లక్షలు పెట్టి కోళ్ళ గూడు కొన్నాడు మీ చిన్నాయన" అని చిన్నమ్మ అంటుంది. ఆమె నవ్వుతూనే అంటుంది గాని, ఆ ఏడు మిరప విత్తనానికి వడ్డీకి తెచ్చిన సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

చౌక ఎందుకు?

ఉత్తరాదిన పాత డీజిలు బండి చౌక కావడానికి ఒక కారణం ఉంది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని బలపరిచింది. 2025లో ఆ కట్టడి విషయమై సుప్రీంకోర్టు కొంత సడలింపు ఇచ్చినా, పాత బళ్ళ యజమానుల భయం పోలేదు. అక్కడ తిరగలేని బండిని ఇతర రాష్ట్రాల వారికి తగ్గించి అమ్ముతారు. ఎన్.ఓ.సి. సక్రమంగా ఉంటే ఇందులో తప్పేమీ లేదు. ఈ రకం బండి చౌకకు అర్థం ఉంది.

అర్థం లేని చౌక మరొకటి ఉంది. అదే అసలు ప్రమాదం.

భూటాన్ దారి

విదేశంలో వాడిన బండిని మన దేశానికి తేవాలంటే నియమాలు గట్టివి. తయారై మూడేళ్ళు దాటి ఉండరాదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. దిగుమతి ముంబయి రేవు ద్వారానే జరగాలి. దాని మీద సుంకం బండి ధరను మించిపోయేటంత ఉంటుంది. కనుక పదిహేనేళ్ళ విదేశీ జీపు ఈ మధ్యనే ఓడ దిగి వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ మాట అక్కడే ఆపేయవచ్చు. సక్రమమైన పాత విదేశీ బండి అంటే ఎప్పుడో కొత్తగానో, తక్కువ వయసులోనో సుంకం కట్టి దిగినదై ఉండాలి. దానికి బిల్ ఆఫ్ ఎంట్రీ అనే కస్టమ్స్ కాగితం ఉంటుంది.

ఈ నియమాలను తప్పించుకునే దారులు కొందరు వెతికారు. 2025 సెప్టెంబరు 23న కొచ్చి కస్టమ్స్ అధికారులు కేరళలో పలుచోట్ల ఒకేసారి సోదాలు జరిపారు. దానికి ఆపరేషన్ నుంఖోర్ అని పేరు పెట్టారు. నుంఖోర్ అంటే భూటాన్ భాషలో బండి. భూటాన్‌లో వాడిన ఖరీదైన జీపులను సరిహద్దు దాటించి, సైన్యం పేరుతో, రాయబార కార్యాలయాల పేరుతో దొంగ కాగితాలు పుట్టించి, హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో రిజిస్టరు చేయించి అమ్మారన్నది అభియోగం. తొలిరోజునే 36 బళ్ళు పట్టుకున్నారు. పేరున్న సినిమా నటుల ఇళ్ళలోనూ వెతికారు.

అదే ఏడాది మే నెలలో హైదరాబాదు కార్ల వ్యాపారి ఒకరిని డి.ఆర్.ఐ. అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్ కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా తెప్పించి, ఎడమ స్టీరింగును కుడికి మార్పించి, ధర తగ్గించి చూపి సుంకం ఎగవేశాడన్నది అక్కడి అభియోగం.

ఇక్కడ గమనించవలసింది ఒకటే. అధికారులు బండిని పట్టుకునేది అది ఉన్న ఇంట్లోనే. తెచ్చినవాడు, కాగితం పుట్టించినవాడు, మధ్యవర్తి ఎక్కడెక్కడో ఉంటారు. చివరగా కొన్నవాడి వాకిట్లోంచి బండి పోతుంది. సినిమా నటుడు హైకోర్టుకు పోగలడు. తర్లుపాడు రైతు ఎక్కడికి పోతాడు?

పాత బండికి కొత్త రుసుము

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెంచింది. మామూలు కారు, జీపులకు రు. 5 వేలు. విదేశాల నుంచి దిగుమతి అయిన నాలుగు చక్రాల బండికి రు. 40 వేలు. 2025 ఆగస్టులో మరోసారి సవరించి, 20 ఏళ్ళు దాటిన బళ్ళకు రెట్టింపు చేసింది. అంటే మామూలు జీపుకు రు. 10 వేలు, దిగుమతి జీపుకు రు. 80 వేలు. జి.ఎస్.టి. అదనం.

ఇది సంతకాలయ్యాక తెలిసే ఖర్చు. మూడున్నర లక్షల బండికి 80 వేలంటే దాదాపు నాలుగో వంతు. అదీ అయిదేళ్ళకే. అందుకే ఆర్.సి.లో బండి దిగుమతి అయినదని ఉందా, ఇక్కడ తయారైనదని ఉందా, తయారీ సంవత్సరం ఎంత అన్నవి బయానాకు ముందే చూడాలి. విదేశీ కంపెనీ పేరున్నంత మాత్రాన దిగుమతి బండి కాదు. మన దేశంలోనే బిగించినవీ ఉన్నాయి.

కాగితాల వరస

పొరుగు రాష్ట్రపు బండి మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నెంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అందుకు ముందుగా కావలసింది అక్కడి ఆర్.టి.ఒ. ఇచ్చే ఎన్.ఓ.సి. ఇది ఫారం 28. బండి దొంగతనం కేసులో లేదని, పన్ను బాకీ లేదని చూసి ఇస్తారు. అమ్మినవాడు, కొన్నవాడు సంతకాలు చేసే ఫారాలు 29, 30. బండి మీద బ్యాంకు అప్పు ఉండి తీరిపోతే ఫారం 35. కొత్త నెంబరుకు ఫారం 27. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు సరేసరి. విదేశీ బండికి పైన చెప్పిన బిల్ ఆఫ్ ఎంట్రీ అదనం. సైన్యం వేలంలో కొన్నదంటే ఆ అమ్మకం తాలూకు అసలు కాగితం చూడాలి. సైన్యం పేరు మీద కూడా దొంగ కాగితాలు పుట్టించారన్న అభియోగం ఉంది.

ఇక్కడకు వచ్చాక బండి వయసును, మొదటి ధరను బట్టి లైఫ్ టాక్సు కట్టాలి. పాత బండికి హరిత పన్ను ఉంటుంది. బేరం ఆడే ముందే మన రవాణా కార్యాలయానికి ఆర్.సి. నకలు పట్టుకుపోయి, మొత్తం ఎంత పడుతుందో అడిగి రాసుకోవడం మంచిది.

బండి నెంబరు తెలిస్తే ఎం పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, గడువు, ఇన్సూరెన్సు, అప్పు వివరాలు కనిపిస్తాయి. ఫోను వాడే పిల్లవాడు అయిదు నిమిషాల్లో చూసి చెబుతాడు. అయితే కంప్యూటరులో ఉన్నంత మాత్రాన పూర్తిగా నమ్మరాదు. కేరళ కేసులో ఆ నమోదులే తారుమారు చేశారన్న అభియోగం ఉంది. యాప్‌లో ఉన్నది, ఆర్.సి.లో ఉన్నది, చాసిస్ మీద కొట్టి ఉన్నది మూడూ ఒకటై ఉండాలి.

మాట మీద అమ్మి పేరు మార్చకుండా వదిలేయడం కూడా తప్పే. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. పాత జీపు అమ్ముకున్న మనవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

బండిని చూసే తీరు

దూరం నుంచి కొనాలనుకుంటే ముందు మనిషి పోవాలి. మార్కాపురం రోడ్డులో రైలెక్కి విజయవాడ చేరితే ఢిల్లీ బండ్లు ఉన్నాయి. ఒక మెకానిక్కును వెంట తీసుకుపోయి, రానూపోనూ ఖర్చులు, అతని కూలి అన్నీ కలిపినా, పోగొట్టుకునే బయానా కంటే తక్కువే అవుతుంది.

పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. రంగు కొత్తగా ఉంటే సంతోషించకుండా కింద దూరి చాసిస్ చూడాలి. సముద్రపు ఊళ్ళలో తిరిగిన బళ్ళకు తుప్పు కిందనుంచే వస్తుంది. ఫోర్‌వీల్ గేరు వేసి, మట్టిలో నాలుగు చక్రాలూ లాగుతున్నాయో లేదో చూడాలి. చాలా బళ్ళలో పేరుకే నాలుగు, పనిచేసేది రెండే. వేసిన గేరు మళ్ళీ తీయగలుగుతున్నామా అన్నదీ చూడాలి. ఎడమ స్టీరింగు బండి జోలికి పోకపోవడం మంచిది. కంపెనీ చేసినదానికి భిన్నంగా ఇంజను, బాడీ మార్చిన బండిని తనిఖీలో తిప్పి పంపే అవకాశం ఉంది.

సామాను సంగతి వేరే చెప్పనక్కరలేదు. మహీంద్రా జీపుకు గిద్దలూరులో దొరకనిది విజయవాడ ఆటోనగరులో దొరుకుతుంది. విదేశీ జీపుకు చిన్న సెన్సారు పోయినా నెలల తరబడి ఎదురు చూడవలసి రావచ్చు.

జవాను పేరుతో

ఇంకొక రకం ఉన్నారు. వారి దగ్గర బండే ఉండదు. "నేను సైనికుణ్ణి, బదిలీ అయింది, జీపు తక్కువకు ఇస్తాను" అని ఫోటో, యూనిఫాం వేసుకున్న గుర్తింపు కార్డు పంపుతారు. రవాణా ఖర్చని కొంత, జి.ఎస్.టి. అని కొంత, గేటు పాసని కొంత లాగుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పద్ధతిన మోసపోయిన వారు ఎందరో. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేస్తే, ఆ సొమ్ము ఇంకా ఖాతాలోనే ఉంటే ఆపే వీలుంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ వీలూ పోతుంది.

అసలు అవసరమా?

గనికో, గూడేనికో నిత్యం పోయేవారికి ఫోర్‌వీల్ బండి అవసరమే. మిగిలిన రోజుల్లో పొలానికి ట్రాక్టరు, ఊరికి మామూలు జీపు సరిపోతాయి. ఆ అవసరం ఉన్నవారు కూడా మన జిల్లాలోనో, పక్క జిల్లాలోనో కళ్ళముందు తిరిగిన దేశవాళీ జీపు చూసుకుంటే, అమ్మినవాడు రేపు కూడా కనిపిస్తాడు. తేడా వస్తే నలుగురిలో కూర్చోబెట్టి అడగవచ్చు. దూరపు బేరంలో ముఖ్యంగా పోయేది ఈ వీలే.

రవాణా శాఖ వారు ఒక పని చేస్తే బాగుంటుంది. పొరుగు రాష్ట్రపు పాత బండి కొనేవారు ఏయే కాగితాలు చూడాలి, ఎంత రుసుము పడుతుంది అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి మండల కార్యాలయాల్లోనూ, మార్కెట్ యార్డుల్లోనూ బోర్డులు పెట్టాలి. మిరప, పొగాకు డబ్బులు చేతికొచ్చే నెలల్లోనే ఈ బేరాలు జరుగుతాయి గనుక అప్పటికి ఆ పని పూర్తి కావాలి. అధికారులు ఈ విషయం ఆలోచించాలని రైతులు కోరుతున్నారు.

చిన్నాయన ఇప్పుడు ఎవరు పాత బండి మాట ఎత్తినా ఒకటే అడుగుతారు: "పళ్ళు చూసినావా?" అని. ఊళ్ళో అది సామెతగా మారిపోయింది. నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఆ సామెత కోసం ఆయన కట్టిన ధర మూడున్నర లక్షలు.