పేరు మారిన సీమ, మారని గీత



ముప్పై ఏళ్ళకు పైబడి పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునికి సంధులూ సమాసాలూ మాత్రమే చెప్పుకొని కాలం గడిపే భాగ్యం ఉండదు. సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడు నా నెత్తిన పడేది. అటువంటి ఒకనాడు ఆఫ్రికా పటం గోడకు తగిలించి నదుల పేర్లు చదివిస్తున్నాను. వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, ఈ దేశానికి తోక ఎందుకుందండీ?" అని అడిగాడు. వాడు వేలు పెట్టి చూపినది నేటి నమీబియా. ఆనాటికి దానికి స్వాతంత్ర్యం రాలేదు. మా పటంలో నైరుతి ఆఫ్రికా అని ఉండేది. ఈశాన్యపు మూల నుండి సన్నని పట్టీ ఒకటి తూర్పునకు సాగి, ఖండం నడుమ దాకా చొచ్చుకొని పోయింది. "దేశాల ఎల్లలు అట్లాగే ఉంటాయిరా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. నా జవాబు తప్పని మాత్రం ఆనాడే తెలుసు. ఎల్లలు వాటంతట అవి "ఉండవు", ఎవరో గీస్తేనే ఉంటాయి. పదవీ విరమణ తరువాత తీరిక దొరికి ఆ తోక కథ చదివాను. చదివిన కొద్దీ ఆ కుర్రవానికి పడిన బాకీ పెరుగుతూ వచ్చింది. ఈ టపా ఆ బాకీలో ఒక వాయిదా.

ఆ పట్టీ పొడవు సుమారు 450 కిలోమీటర్లు. ఉత్తరాన అంగోలా, జాంబియా, దక్షిణాన బోట్స్వానా, తూర్పు కొసన ఇంచుమించు జింబాబ్వేను తాకుతుంది. దాని తూర్పు భాగమే నేడు జాంబెజీ ప్రాంతమనే పరిపాలనా విభాగం. వైశాల్యం 14,700 చదరపు కిలోమీటర్ల పైమాట. 2011 జనాభా లెక్కలలో 90 వేలమంది ఉండగా 2023 నాటికి సుమారు 1 లక్షా 42 వేలమంది అయ్యారు. నమీబియా అనగానే మనకు ఎడారి మనస్సులో మెదలుతుంది కాని, ఈ సీమ ఆ దేశంలోకెల్లా ఎక్కువ వాన కురిసే చోటు. కొండ అన్నది కానరాని చదును నేల. ఉత్తరాన జాంబెజీ నది. దక్షిణాన ఒకే నది క్వాండో అని, మాషి అని, లిన్యాంటి అని, చోబె అని మలుపు మలుపుకూ పేరు మార్చుకొంటూ వచ్చి జాంబెజీలో కలుస్తుంది. పర్యాయపదాలు వల్లె వేయించిన నాబోటివానికి ఈ నదిపై మమకారం కలగడంలో వింత లేదు.

ముఖ్యపట్టణం కటీమా ములీలో. సిలోజి భాషలో ఈ మాటకు "నిప్పును ఆర్పునది" అని అర్థం చెబుతారు. పడవలలో నిప్పు కణికెలు పట్టుకొని పోయే బాటసారులకు అక్కడి వడిగల నీరు ఎగసిపడి నిప్పు ఆరిపోయేదట. ఆ సిలోజి కథ కూడా చిత్రమైనదే. పందొమ్మిదవ శతాబ్దంలో దక్షిణం నుండి వచ్చిన మకొలోలో అనే సోతో జాతివారు ఆ ప్రాంతాన్ని జయించి ఏలారు. 1864లో స్థానికులు తిరగబడి వారి ఏలుబడిని అంతం చేశారు. పాలకులు పోయినా వారి భాష మాత్రం పోలేదు. సుబియా, ఫ్వే, యేయి మొదలైన జాతులవారు ఇంట తమ తమ భాషలు పలుకుతూ, సంతలోనూ బడిలోనూ నేటికీ సిలోజినే వాడుతున్నారు. నదికి ఆవల జాంబియాలో ఉన్న లోజి రాజ్యపు ప్రజల భాష కూడా అదే. తెల్లవారు రాకముందు ఈ సీమ ఆ రాజ్యపు ఏలుబడిలోనిది.

ఇక తోక ఎట్లా మొలిచిందంటే, 1890 జూలై 1న బెర్లినులో ఇంగ్లండూ జర్మనీ ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. జాంజిబారు మీద ఇంగ్లండు ఆధిపత్యానికి జర్మనీ అడ్డు చెప్పదు. బదులుగా ఉత్తర సముద్రంలోని హెలిగోలాండు అనే చిన్న ద్వీపం దానికి దక్కుతుంది. నైరుతి ఆఫ్రికాలోని జర్మను వలసకు జాంబెజీ దాకా దారి కూడా దొరుకుతుంది. ఆ దారి ఎక్కడా 20 ఇంగ్లీషు మైళ్ళకు తగ్గరాదని రాసుకొన్నారు. జాంబెజీ మీదుగా పడవలలో హిందూ మహాసముద్రం చేరవచ్చునని జర్మనుల ఆశ. అయితే ఆ సీమ తూర్పు కొసకు కొద్ది దూరం దిగువనే విక్టోరియా జలపాతం ఉన్నది. నూరు మీటర్ల లోతుకు దూకే ఆ నీటి మీద ఏ పడవ పోగలదు? లివింగ్‌స్టన్ ఆ జలపాతాన్ని 1855లోనే చూశాడు, గ్రంథస్థం కూడా చేశాడు. ఒడంబడిక నాటికి అది రహస్యం కాదు. పోలేని దారి కోసం గీసిన గీత అది. నాటి జర్మను ఛాన్సలరు లియో ఫాన్ కాప్రీవి పేరు దానికి పెట్టారు. ఆయన ఆ నేల మీద ఎన్నడూ కాలు మోపలేదు. జర్మనులు దీనిని కాప్రీవిజిప్ఫెల్ అన్నారు. జిప్ఫెల్ అంటే గుడ్డ కొస. మన మాటల్లో చెప్పాలంటే "కాప్రీవి కొంగు". ఎవరి కొంగో ఎవరి నడుముకో ముడివేసినట్లున్నది.

దారిగా పనికిరాని నేలను జర్మనీ పందొమ్మిదేళ్ళపాటు పట్టించుకోలేదు. 1909లో ఒక అధికారి వచ్చి షుక్‌మన్స్‌బుర్గ్ అనే ఠాణా నెలకొల్పాడు. 1914లో తుపాకీ పేలకుండానే అది బ్రిటిషువారి చేతికి వచ్చింది. 1939లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం తూర్పు కాప్రీవిని నేరుగా తన ఏలుబడిలోకి తీసుకొన్నది. విండ్‌హోక్ నుండి కటీమా ములీలోకు నేటికీ రోడ్డు మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఆనాడు సరియైన బాటే లేదు. ఇట్లా ఒక చేతి నుండి మరొక చేతికి మారిన జనానికి, విండ్‌హోక్ తమ రాజధాని అనే భావం ఎక్కడి నుండి రావాలి?

ఈ ప్రశ్నే రాజకీయమైంది. 1962లో పుట్టిన కాప్రీవి ఆఫ్రికన్ జాతీయ సంఘం 1964లో స్వాపోలో కలిసింది. స్వతంత్రం వచ్చాక మా దారి మాదే అన్న ఒప్పందం ఉందని కాప్రీవి నాయకులలో కొందరు చెబుతూ వచ్చారు; అటువంటిది లేదని స్వాపో అన్నది. ఒకప్పుడు స్వాపో ఉపాధ్యక్షుడుగా ఉన్న మిషాకే ముయోంగో 1998లో వేర్పాటు జెండా పట్టి బోట్స్వానాకు వెళ్ళిపోయాడు. ఆ కాలంలో రెండు వేలకు పైగా జనం సరిహద్దు దాటారు. 1999 ఆగస్టు 2 తెల్లవారుజామున వేర్పాటువాదులు కటీమా ములీలో మీద దాడి చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి వందలమందిని పట్టుకొన్నది. నూట ఇరవైమందికి పైగా రాజద్రోహ నేరం మోపితే, ప్రధాన తీర్పు వచ్చినది 2015లో! ముప్పైమంది దోషులన్నారు. నిర్దోషులుగా విడుదలైనవారు పదేళ్ళకు పైగా చెరసాలలో మగ్గారు. తీర్పు వినకుండానే కొందరు లోపలనే కన్ను మూశారు. ఆయుధం పట్టి ఊరి మీద పడినవారిని నేను సమర్థించను. అయినా నిర్దోషి అని తేల్చడానికి పదేళ్ళు తీసుకొన్న న్యాయం ఏపాటి న్యాయమో విజ్ఞులు ఆలోచించాలి.

ఆ 1999 లోనే డిసెంబరు 13న హేగు నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం మరొక తీర్పు చెప్పింది. చోబె నది నడుమ మూడున్నర చదరపు కిలోమీటర్ల లంక ఒకటి ఉన్నది. నమీబియావారు కసికిలి అంటారు, బోట్స్వానావారు సెడుడు అంటారు. ఏటా కొన్ని నెలలు నీట మునిగేది. సరిహద్దు "ప్రధాన ప్రవాహం" మధ్యగా పోతుందని 1890 నాటి ఒడంబడిక. లంకకు రెండు ప్రక్కలా పాయలుండగా ఏది ప్రధానం? ఈ ఒక్క పదానికి అర్థం తేల్చడానికి దేశదేశాల న్యాయమూర్తులు కూర్చున్నారు. ఉత్తరపు పాయే ప్రధానమని పదకొండుమంది, కాదని నలుగురు. లంక బోట్స్వానాకు పోయింది. తరతరాలుగా సుబియా ప్రజలు అక్కడ సాగు చేసిన మాట నిజమే కాని, దాని వలన దేశానికి హక్కు రాదని కోర్టు అన్నది. పదాల అర్థం చెప్పడమే వృత్తిగా బ్రతికిన నాకు, ఒక పదానికి ఇంత బరువుంటుందని అప్పుడు తెలిసింది.

అయితే ఆ తీర్పులోనే ఒక మంచి మాట ఉన్నది. లంక చుట్టూ ఉన్న రెండు పాయలలోనూ ఉభయ దేశాల ప్రజలకూ పడవలకూ సమాన మర్యాద ఉండాలని. ఈ వాక్యాన్ని నది పొడుగునా పాటించి ఉంటే ఎంత బాగుండేది! 2020 నవంబరులో చోబె నది మీద బోట్స్వానా సైనికులు కాల్పులు జరిపి ముగ్గురు అన్నదమ్ములనూ, వారి దగ్గరి బంధువు ఒకనినీ చంపివేశారు. వారు దొంగవేటగాళ్ళని సైన్యం అన్నది. చేపలు పట్టుకొనే బీదలని కుటుంబం అన్నది. కొద్ది రోజులకే ఆ తల్లి కూడా చనిపోయింది. బెర్లినులో గీసిన గీత నూట ముప్పై ఏళ్ళ తరువాత కూడా ప్రాణాలు తీస్తూనే ఉన్నది.

జీవనం సంగతి చూద్దాం. మొక్కజొన్న, జొన్న, సజ్జ పంటలు, పశువులు, నదిలో చేపలు. నదులు పొంగినప్పుడు లోతట్టు ఊళ్ళు లంకలవుతాయి. 2009 వరదలలో బడులకు బడులే మెరక మీది గుడారాలకు తరలిపోయాయి. పడవలో పుస్తకాలు పెట్టుకొని వచ్చే పిల్లలను తలచుకొంటే ఉపాధ్యాయునిగా నా మనస్సు అక్కడే ఆగిపోతుంది. ఆవులున్నవాని అవస్థ వేరు. అడవి దున్నలు తిరిగే సీమ కనుక గాలికుంటు వ్యాధి భయం ఎప్పుడూ ఉంటుంది. పరపాలకుల కాలం నుండి ఉత్తర నమీబియాకు అడ్డంగా పశువైద్య కంచె ఒకటి ఉన్నది; దానిని ఎర్రగీత అంటారు. దానికి ఇవతలి పశువు ఆవలి సంతకు పోరాదు. యూరపుకు మాంసం పంపి లాభం చేసుకొనేది కంచెకు దక్షిణాన ఉన్నవారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇక్కడివారికి అక్షరాలా సరిపోతుంది.

మేలు జరగలేదని కాదు. 1996 చట్టం వన్యమృగాల మీద వచ్చే ఆదాయంలో ఊరివారికి హక్కు ఇచ్చింది. 1998లో ఏర్పడిన సలంబాల వంటి గ్రామ సంరక్షణ మండలులు దాని ఫలమే. కాని ఒక్క రాత్రిలో చేను తొక్కి పోయే ఏనుగుకూ, సంఘానికి వచ్చే యాత్రికుల సొమ్ముకూ లెక్క ఎప్పుడూ సరిపడదు. 2004లో జాంబెజీ మీద 900 మీటర్ల వంతెన వచ్చింది. వాల్విస్ బే రేవు నుండి జాంబియా, కాంగోల రాగి గనుల దాకా లారీలు ఆ దారినే పోతాయి. కాప్రీవి కలగన్న దారి నీటి మీద కాక నేల మీద నిజమైందన్నమాట. లారీలు ఊరు దాటి పోతాయి. ఊరివారికి మిగిలేది ఎంత అన్నదే ప్రశ్న.

2013 ఆగస్టులో ప్రభుత్వం కాప్రీవి పేరు తీసివేసి జాంబెజీ అని పెట్టింది. షుక్‌మన్స్‌బుర్గ్ లుహోనోనో అయింది. పరపాలకుని పేరు పోవడం సంతోషమే కదా అని మొదట నేనూ అనుకొన్నాను. తీరా చూస్తే అక్కడివారిలోనే కొందరు ఆ మార్పును వ్యతిరేకించారు. తమ ఉనికిని చెరిపివేయడానికే పేరు మార్చారని వారి బాధ. వ్యాకరణం చదివినవానికి ఇది తేలికగా అర్థమవుతుంది. అన్యదేశ్యమైన పదం నూరేళ్ళు జనం నాలుక మీద నలిగితే వారి సొంత పదమవుతుంది. ఆ కాప్రీవి అన్నది ఛాన్సలరు పేరుగా పుట్టి, ఒక ప్రజకు ఇంటిపేరైంది. కాబట్టి పాతపేరే ఉంచవలసిందని నేననను. కాని దానిని తీయడానికి ముందు వారి మనస్సు గెలవవలసింది.

నా అభిప్రాయం ఒక్కటే. గీతను చెరపడం నేడు ఎవరి తరమూ కాదు. చెరిపితే మరిన్ని యుద్ధాలు. చేయగలిగినది ఆ గీతను మెత్తబరచడం. హేగు న్యాయస్థానం రెండు పాయలకు చెప్పిన సమాన మర్యాదను రెండు దేశాలూ నది అంతటికీ వర్తింపజేయాలి. ఎర్రగీతకు ఇవతలి ఆవుకు కూడా ధర దొరకాలి. ప్రత్యేకంగా ఉండాలని శాంతియుతంగా అనడం నేరం కారాదు. అప్పటిదాకా కొత్త పేరు బోర్డు మీది రంగు మాత్రమే.

నాటి కుర్రవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఎప్పుడైనా ఇది వాని కంట పడితే నా జవాబు ఇది: నాయనా, అది తోక కాదు. ఎవరో దారి కోసం లాగిన గీత. దాని మీద ఇళ్ళున్నాయి, బడులున్నాయి, పడవలున్నాయి. ఆనాడు నిన్ను కూర్చోమన్నందుకు మన్నించు.

పొరపాటులుంటే మిత్రులు దిద్దగలరు.